గేటు దాటినవి

ఆరు చక్రాల లారీ మమ్మల్ని నది ఒడ్డున దించి వెనక్కి తిరిగాక
దాని మోత నా చెవుల్లో చాలాసేపు ఉంది.
అది తగ్గాక నీళ్ళ చప్పుడు.
నీళ్ళదే అనుకున్నాను. చేపలది.

మా అమ్మ అగ్రఫేనాకి ఆ వేసవి ఉద్యోగం
చేపల్ని లెక్కపెట్టడం.
కంచట్కాలో, పేరు చెప్పినా మీరు వినుండని నది.
నదికి అడ్డంగా కర్రల దడి, దడికి మూరెడు గేటు,
గేటు కింద నీళ్ళ అడుగున తెల్ల రేకు.
రేకు మీదుగా ఎర్రగా ఏది జారినా
బొటనవేలితో టిక్కున ఒక నొక్కు.
నాకు తొమ్మిదేళ్ళు. పట్నంలో ఉంచుకునేవాళ్ళు లేక
వెంట తెచ్చింది.
"ఉస్తీన్యాకి ఎలుగుల్ని చూపిస్తాను" అని అందరికీ చెప్పింది.
నేను నమ్మాను. అబద్ధమని ఇప్పటికీ అనలేను.

గుడిసె చుట్టూ కరెంటు తీగ, రెండు వరసలు.
తీగ అవతల గడ్డిలో
ఎవరో పడుకుని ఇప్పుడే లేచినట్టు పల్లాలు.
చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.
"పేరు పెట్టి పిలవకు, ముసలాయన అను.
వాళ్ళకి వినబడుతుంది" అంది అమ్మ.
పొద్దున్నే దడి దగ్గరికి
గిన్నె మీద గరిటెతో వాయించుకుంటూ పోయేవాళ్ళం
పెళ్ళికొడుకు లేని ఊరేగింపులా.

మూడో రోజు లెక్కమర నా చేతికిచ్చింది.
నూట నలభై ఆరు దగ్గర
ఆమె వచ్చింది.
ముసలాయన కాదు. ఎండుగడ్డి రంగు తల్లి,
వెనక రెండు పిల్లలు,
ఒకదాని మెడ చుట్టూ పాలు ఒలికినట్టు తెల్ల చార.
ఇరవై అడుగులో, నలభయ్యో.
కొలిచే స్థితిలో లేను.
అమ్మ చెయ్యి నా భుజం మీద పడింది. నొక్కలేదు.
పడి అలాగే ఉంది.
రెండో చేతిలో మంటకర్ర, మూత తీయనిది.

ఎలుగు నీళ్ళలో మొహం ముంచింది, చెవులు మాత్రం పైన.
జారిపోయిన తాళంచెవి వెతుక్కుంటున్నట్టు
అటూ ఇటూ, ఏ తొందరా లేకుండా.
లేచేసరికి పళ్ళ మధ్య కొట్టుకుంటున్న ఎరుపు.
అది నాది. ఇప్పుడే నొక్కినది.

"అమ్మా, ఒకటి తీసెయ్యాలా?"
అమ్మకి అర్థం కాలేదు.
"లెక్కలో వేశాను కదా. దాటాక పోయింది కదా."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
తల్లి గుడ్లు మాత్రం తిని తక్కినది వదిలేసింది,
పిల్లలు రెండూ తల కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి.
కొండ తన మానాన తను పొగ వదులుతోంది.
"గేటు దాటినవి రాయమన్నారు," అంది చివరికి,
"దాటాక ఏమైందో రాయడానికి
ఆ కాగితంలో గడి లేదు."

అప్పటికి నాన్న పడవ తిరిగిరాక రెండేళ్ళు.
ఆ సంగతి ఆమె అనలేదు. నేనూ అనలేదు.
దోమలు మాత్రం మా ఇద్దరినీ తినేస్తున్నాయి.

సెప్టెంబరులో బడి తెరిచాక
నా పక్కన ఎవరూ కూర్చోలేదు. జుట్టులో పొగచేప వాసన.
నాకది గొప్పగా ఉండేది.

ఆ రాత్రి అమ్మ నిద్రపోయాక పుస్తకం తెరిచి చూశాను.
గడులు అయిపోయినచోట, అంచున, పెన్సిలుతో:
"పది ఇరవై నుంచి పది నలభై ఐదు వరకు లెక్క లేదు.
కారణం: ఎలుగు."
నన్ను అనొద్దన్న పేరు
ఎంచక్కా పూర్తిగా రాసేసింది.

ఆ ఇరవై ఐదు నిమిషాల్లో
మా వీపుల వెనక, గేటులోంచి ఎన్ని పోయాయో
ఎవరికీ తెలియదు.
నా వరకు అవి ఇంకా ఎదురీదుతూనే ఉన్నాయి,
కడుపు నిండా గుడ్లతో,
ఏ కాగితానికీ దొరకకుండా.