నేలకు చలి చెప్పడం

చిలకలగూడలో మాది కింది వాటా.
ముందు గదిలో షాబాదు బండలు పీకించి
టైల్స్ కింద వేడి తీగ పరిపించాను
ఎస్తేరక్క కాళ్ళ కోసం.

మేస్త్రీ పెంటయ్య తాపీ పక్కన పెట్టి నవ్వాడు:
"హైదరాబాద్ల నేలకు హీటరేంది సారూ,
మే నెల దాక ఆగితే
పైసా ఖర్చు లేకుండ కాలుతది గద."
అతనికి అక్క పాదాలు చూపించలేదు.
డిసెంబరు తెల్లారుజామున
వేళ్ళు ముందు సున్నమవుతాయి,
తర్వాత నేరేడుపండు చాయ,
ఆ పైన సూదులు.

అక్క ల్యాబులో పరగడుపు నెత్తురు తీసే మనిషి.
ఎంత సన్నటి నరమైనా
ఒక్క పోటుకే దొరికించుకుంటుంది.
తన కాలివేళ్ళ దాకా వచ్చేసరికి మాత్రం
తన నెత్తురే
అడ్రసు దొరకని పోస్టుమాన్‌లా వెనక్కి మళ్ళుతుంది.

మొదటి చలికాలం ఉత్త స్విచ్చే.
ఐదింటికి లేచి వేస్తే
నేల మూడు గంటలు ఆలోచించి
అప్పుడు వెచ్చబడేది,
అక్క ఆటో ఎక్కి వెళ్ళిపోయాక.
ఖాళీ గదిలో వెచ్చటి నేల,
భోజనాలయ్యాక దిగిన బ్యాండు మేళంలా.
రాత్రంతా వేసి ఉంచితే
మీటరు రీడింగు రాసుకునే కుర్రాడు
నా మొహంలోకి రెండుసార్లు చూశాడు.

నేలది నిదానం.
కబురు దానికి ముందే పోవాలి.
కంట్రోలర్ కొన్నాను.
పెరటి గోడకు బయటివైపు
చింతగింజంత సెన్సర్ బిగించాను.
బయట ఒక డిగ్రీ దిగితే
లోపల నేల అర డిగ్రీ ఎక్కాలి
అని గీత గీసి నేర్పాను.
చలి సందు మలుపు తిరగకముందే
నువ్వు లేవాలి, తెలిసిందా.

మూడు రాత్రులు తెలిసింది.
నాలుగో తెల్లారి నేల ఐసు.
రాసిపెట్టిన లెక్క తీసి చూస్తే
మూడున్నరకు బయట ముప్పై నాలుగు డిగ్రీలట.
జనవరిలో.
మంకీ క్యాపు తగిలించుకుని పోయి
గోడ మీద అరచెయ్యి పెట్టాను.
పసిబిడ్డ వీపులా వెచ్చగా ఉంది గోడ.

గోడ అవతల గఫూర్ భాయ్ బేకరీ.
తమ్ముడి పెళ్ళికని మూడు రోజులు షట్టర్ దించి
ఆ రాత్రే భట్టీ ముట్టించాడు.
నా చింతగింజ అబద్ధమాడలేదు పాపం,
ఊరి సంగతి అడిగితే
తాను ఆనుకున్న గోడ సంగతి చెప్పింది.
ఎవరైనా అంతే కదా.

"ఏం సార్, నా గోడకు జ్వరం చూస్తున్నరా?"
పిండి చేతుల్తో బయటికొచ్చాడు భాయ్.
అంతా విని, తల పంకించి,
"ట్యాంకు నీడల పెట్టుండ్రి, ఉత్తరం దిక్కు.
నేను గూడ ఆడనే నిలబడి చూస్త.
చలెక్కువుంటే పిండి గంట ముందు కలపాలె,
లేకుంటే పొంగదు."
దేంతో చూస్తావు భాయ్ అంటే
అంగీ చెయ్యి మోచేతి దాకా మడిచి
చీకట్లోకి చాపాడు.
"గింతే."

ట్యాంకు నీడకు మార్చాను.
ఆ రాత్రి పన్నెండు డిగ్రీలు.
రెండింటికే నేల మేలుకుంది.
ఐదింటికి అక్క చెప్పులు విడిచి
గది మధ్యలో నిలబడింది,
టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఏమీ అనలేదు.
నేను కంట్రోలర్ వంకా చూళ్ళేదు, ఆమె బొటనవేలు వంకే.
అది మామూలు రంగులో ఉంది.

గోడ సంగతంతా చెప్పాను,
ముప్పై నాలుగు డిగ్రీలు, భట్టీ, పెళ్ళీ.
నవ్వుతుందనుకున్నాను.
"నన్నడిగితే చెప్పేదాన్ని గదరా" అంది.
ఆరేళ్ళుగా ఆటో వచ్చేదాకా సందులోకి పోయి
రెండు చేతులూ ఆ గోడకే ఆనించి నిలబడుతుందట.

ఇవాళ కూడా,
వెచ్చటి నేల దిగి,
చెప్పులేసుకుని,
గోడ దగ్గరికే పోయింది.