ఆరో వారం

గ్రిమ్స్‌బీలో డిసెంబరంటే నాలుగింటికే చీకటి.
రేవు మీంచి గాలి వీస్తే
క్లాసురూము కిటికీకి ఇప్పటికీ చేపల వాసన.

పదకొండేళ్లు బోర్డు మీద గీశాను,
లాభం వేరు, చేతిలో డబ్బు వేరని.
"అర్థమైందా?" అంటే
అందరూ తలూపేవాళ్లు,
అర్థమై కాదు, మర్యాదకి.

ఈ ఏడు తలా ఒక టాబ్లెట్,
తలా ఒక ఉత్తుత్తి చేపల వ్యాపారం.
చేప ధర, గ్యాసు బిల్లు,
హోటళ్లు బాకీ తీర్చే గడువు
వేలితో జరిపితే చాలు,
గీత లేస్తుంది, లేదా కూలుతుంది.

కుర్రాళ్లు పకపకా నవ్వుతూ దివాలా తీశారు.
మళ్లీ తెరిచారు, మళ్లీ తీశారు.

లొరేన్ నవ్వలేదు.
అరవై ఒకటి ఆవిడకి. నెల రోజులుగా
క్లాసులో కోటు విప్పి ఎరగదు.
ఆరో వారం దగ్గర గీత ఎర్రబడింది.
వెనక్కి జరిపింది. ధర పెంచింది.
మళ్లీ ఆరో వారమే.
గడువొక్కటీ తగ్గించి చూసింది.
గీత నిలబడింది.

"ఇదా," అంది, నాతో కాదు.
"ఆర్డర్లకి లోటే లేదు మాకు.
రేవులో రొక్కం పెట్టి కొనేదాన్ని,
పొగబెట్టి పంపేదాన్ని,
వాళ్లు రెండు నెలలకి గానీ ఇచ్చేవాళ్లు కాదు.
నా చేతికి ఎముక లేదనేవాడు క్లైవ్.
నేనూ అదే అనుకున్నా, తొమ్మిదేళ్లు."

తర్వాతి స్లైడు సిద్ధంగా ఉంది.
నొక్కబుద్ధి కాలేదు.

మళ్లీ మొదలుపెట్టాలా
అని అడుగుతోంది తెర.
లొరేన్ దానికేసి చూస్తూనే
కోటు గుండీ ఒకటి విప్పింది.