పది నంబరు స్పానర్

మర్రిపాలెంలో ఉన్నప్పటి మా పాత మారుతి
బానెట్ ఎత్తితే
ఇంజన్ సందుల్లోంచి నేల కనిపించేది.
జారిన నట్టు నేలమీదే దొరికేది,
చీపురుతో ఊడ్చి వెతుక్కునేదాన్ని.

పది, పన్నెండు, పద్నాలుగు.
మూడు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవర్,
అరిగిపోయిన టూత్‌బ్రష్.
అదే నా గ్యారేజీ.
హార్బర్ వైపు నుంచి వచ్చే ఎర్రదుమ్ము
ఎయిర్ ఫిల్టర్ మడతల్లో పేరుకుంటే
మెట్టుకేసి తాటించి దులిపేదాన్ని.
ఉప్పుగాలి కొరికిన డోరు అంచుకి
రెడాక్సైడ్ నేనే పూశాను.
గోళ్ల సందుల్లోంచి అది వారం దాకా పోలేదు.
గోరింటాకా? అంది ఆఫీసులో హైమావతి.
అవునన్నాను.

సొంతమంటే ఆర్సీలో పేరే అనుకునేదాన్ని.
కార్బ్యురేటర్ జెట్‌ని నోటితో ఊదినప్పుడు
పెట్రోలు చేదు నాలిక్కి తగిలింది చూడండీ,
ఆరోజు నాదయింది బండి.

ఇప్పుడున్నది కొత్తది.
బానెట్ కింద నల్లటి ప్లాస్టిక్ మూత,
మూతమీద కంపెనీ పేరు.
వేలు దూరదు.
డాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగితే
ఎన్.ఏ.డి. దగ్గరి షోరూములో
అద్దానికి ఇవతల
పేషెంటు తాలూకు మనిషిలా కూర్చుంటాను.
కాఫీ బాగానే ఇస్తారు.
ఏం చేశారు బాబూ అంటే
"అప్‌డేట్ చేశాం మేడం."
నాలుగువేల రెండొందలు.

అబద్ధమెందుకు, ఇది దారిలో ఎప్పుడూ ఆగలేదు.
పాతదైతే హనుమంతవాక ఎత్తుమీద
వానలో నన్ను దింపేసి
ఎన్ని లారీలచేత హారన్ కొట్టించిందో.

మొన్న తుపాను మర్నాడు ఫోను.
పాత బండి కొనుక్కున్న పైడిరాజు, ఆనందపురం నించి.
"బండి కదల్దండమ్మా, ఏటయిందో తెల్దు.
బంతిపూలు ఎక్కించీసేను, వాడిపోతన్నాయి."
ఫోను ఇంజన్ దగ్గర పెట్టి తాళం తిప్పమన్నాను.
రెండు దగ్గులు, ఒక మూలుగు.
ఎరిగిన దగ్గే.
"డిస్ట్రిబ్యూటర్ మూత తియ్యి, తడి చేరింది.
పొడిగుడ్డతో లోపల తుడు.
ఎడంపక్క క్లిప్పు మొండిది,
లాగకు, కిందికి నొక్కి వదులు."

కాసేపు గాలి చప్పుడు, ఎవరిదో తిట్టు,
తర్వాత ఆ గొంతు,
మూడో సిలిండర్ కొంచెం నత్తితో సహా.
థాంక్స్ చెప్పకుండానే పెట్టేశాడు, పూల తొందర.

నా పేరుమీదున్న బండి కింద పార్కింగ్‌లో ఉంది.
పసుపు దీపం మళ్లీ వెలిగింది.
బుధవారం రమ్మన్నారు.
పది నంబరు స్పానర్ వంటింట్లో ఉంది,
అల్లం దంచుతున్నాను దాంతో.