ఖాళీ గీత

ఢిల్లీ నుంచి మాదిరి పుస్తకం వచ్చింది.
నీలం అట్ట, లోపల మూడొందల పైచిలుకు పేజీలు.
ఏ ఊరికైనా పట్టేట్టు కత్తిరించిన చొక్కా,
కుట్లు మాత్రం ఊరే వేసుకోవాల.

పద్దెనిమిదేళ్లుగా కర్నూలు కార్పొరేషన్‌లో
ప్లాన్ల మీద గీతలు గీసేవాణ్ణి నేను.
గోడ ఎక్కడ నిలబడొచ్చో, మెట్టు ఎక్కడ ఆగాలో
ఎర్రసిరాతో చెప్పేవాణ్ణి.
సుంకన్న సారు పుస్తకం నా బల్ల మీద పడేసి
"తెలుగు చెయ్, కౌన్సిలుకు పెట్టాల" అన్నాడు.

సెట్‌బ్యాక్ దగ్గరే ఒక పూట పోయింది.
'వెనుకంజ' అని రాసి కొట్టేశాను,
ఇల్లు దేనికో భయపడినట్టుంది.
'వదిలిన జాగా' అని రాశాను.
జాగా వదిలినోడు ఈ ఊళ్లో ఎవడప్పా అని
మద్దిలేటి మేస్త్రి బీడీ పొగలో నవ్వాడు.

మిద్దె అన్న మాట పుస్తకంలో లేదు.
చౌడు మట్టి తొక్కి పరిచిన కప్పు లేదు,
బేతంచెర్ల బండ లేదు,
నీళ్లు చల్లుకుని దాని మీద పడుకున్న ఎండాకాలం లేదు.
మంచు బరువు మాత్రం ఉంది!
కప్పు మీద ఎంత మంచు పడితే దూలం ఎంత లావుండాలో.
మే నెల, కరెంటు పోయిన ఆఫీసులో
ఆ పేజీతోనే విసురుకున్నాను.

"ఇదంతా ఎందుకప్పా,
ఇసకెంతో సిమెంటెంతో నా అరచేతికి తెలుసు."
నిజమే. మద్దిలేటి కట్టిన గోడ ఏదీ కూలలేదు.
ఆయన కొడుకు పోసిన బాల్కనీ కూలింది, పోయినేడు.
కింద ఎవరూ లేరు కాబట్టి అది వార్త కాలేదు.
చెయ్యి చేతికి చెప్పేది ఎక్కడో ఆగిపోతే
ఇంక కాగితమే చెప్పాల కదా మేస్త్రీ, అన్నాను.
బీడీ ఆర్పాడు. ఏమీ అనలేదు.

నూటపన్నెండో పేజీలో ఒక ఖాళీ.
"నేల అంతస్తు, స్థానికంగా నమోదైన
అత్యధిక వరద మట్టమైన ........ కు పైన."
ఆ చుక్కల దగ్గర ఢిల్లీ నోరు మూసుకుంది.
రికార్డు గదికి పోతే
వరద మట్టం రాసిన రిజిస్టరు
ఆ వరదలోనే నాని అట్టముద్ద అయింది.

కుమ్మరిగేరిలో రమీజాబీ బట్టలు కుడుతుంది.
ఆ అక్టోబరులో తుంగభద్రా హంద్రీ
చేతులు కలుపుకుని ఇంట్లోకొస్తే
మిషను వదిలేసి, మెడలో టేపుతో మిద్దెక్కింది.
నీళ్లు దిగినాక మేకుతో గోడ మీద గీత గీసింది.
"రెండు టేపులకు నాలుగేళ్లు తక్కువ, సార్.
సున్నం ఏసినప్పుడల్లా గీత వదిలి ఏసేకి చెప్తా.
ఎవరన్నా అడిగేకి వస్తారనుకున్యా.
ఇన్నేండ్లకు మీరొచ్చినారు."

కౌన్సిల్లో అది పదిహేడో అంశం.
పదహారు, బ్లీచింగు పౌడరు. పద్దెనిమిది, ట్రాక్టరు టైర్లు.
"అంత ఎత్తున కట్టుకుంటే ముసలోళ్లు ఎక్కేకి
నిచ్చెన కార్పొరేషన్ ఇస్తాదా?"
నవ్వులు. నదితో బేరం మొదలైంది.
సగం చెయ్యమని ఒకరు, పావు చాలని ఒకరు.
రోడ్డుకు రెండడుగుల దగ్గర బేరం తెగింది.
నది ఆ సమావేశానికి రాలేదు.

ఎప్పుడూ లేవని సుంకన్న సారు లేచి
ఒక్క వాక్యం కలపమన్నాడు, పుస్తకంలో లేనిది,
రాత్రి నేను రాసిచ్చింది:
"పల్లపు గేరుల్లో ప్రతి ఇంటికీ
లోపలి నుంచి మిద్దెకు మెట్లు ఉండవలెను."
ఖర్చు తక్కువ కాబట్టి ఎవరూ కాదనలేదు.

అట్లా మిద్దె చట్టంలోకి ఎక్కింది.

పాత ఇండ్లకు ఇది వర్తించదు.
ఆ మాట రమీజాబీకి చెప్పేకి నేనే పోయినాను.
ఆ రాత్రి ఆమె ఎక్కింది పక్కింటోళ్ల నిచ్చెన.
పంటితో దారం కొరికి,
"ఐదేండ్లకో పదేండ్లకో మళ్లా కొత్త పుస్తకం వస్తాది కదా,
గీత యాడికీ పోదులే సార్" అనింది.

ఇంటికొచ్చి
వీధిలోకి అడుగున్నర దిగిన మా మొదటి మెట్టు మీద
కూర్చుని చెప్పులు విప్పుకున్నాను.