రెండో దరఖాస్తు

ఫిరోజాబాద్‌లో ఎండ కూడా గాజు మీద పడి విరుగుతుంది.
జరీఫా బేగం దగ్గర నేను లెక్కలు రాసేవాణ్ణి.
ఇప్పుడు రాయడానికి లెక్కల్లేవు, కేసులున్నాయి.

సోడా యాష్ బిల్లులు మూడు, మూడు కంపెనీలవి.
తేదీ ఒక్కటే. పెరిగిన ధర పైసాతో సహా ఒక్కటే.
"ముగ్గురికీ ఒకే కలొచ్చిందా మున్షీజీ?" అందామె ఆ రోజు.
నేను నవ్వాను.
ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

జిల్లా కోర్టులో దావా వేసి తొమ్మిదేళ్లు.
జడ్జీలు నలుగురు మారారు,
కట్టకి చుట్టిన ఎర్ర నాడా వెలిసి
నానబెట్టిన ఉల్లిపొర రంగుకొచ్చింది.
ఈలోగా ఢిల్లీలో కమిషన్ తేల్చింది
ముగ్గురూ కూడబలుక్కున్నారని.
చట్టంలో పరిహారానికి ఇంకో తలుపుందన్నాడు తోమర్ వకీలు.
"దావా నడుస్తుండగానే?"
"నడుస్తుండగానే."

ట్రిబ్యునల్లో ఎదుటి వకీలు లేచి
రెండు పడవల మీద కాళ్లన్నాడు.
బేగం అక్కడ మాట్లాడకూడదు.
మెట్లు దిగుతూ నాతో అంది:
"పెళ్లికూతురికి ఒక చేతికే గాజులేసి పంపుతామా?"

కానీ ట్రిబ్యునల్ అడిగింది సరైన ప్రశ్నే.
ఒకే నష్టానికి రెండుసార్లు పుచ్చుకుంటారా?
ఆ రాత్రి లాడ్జి గదిలో కాగితం మధ్య గీత గీశాను.
డబ్బు కట్టినా రాని రెండొందల బస్తాలు దావాకి.
వచ్చిన బస్తాల మీద అదనంగా గుంజిన రూపాయలు ఇటు.
ఒక్క బస్తా కూడా గీత దాటకుండా
మూడుసార్లు కూడాను.
ప్రమాణపత్రం మీద ఆమె ఉర్దూలో సంతకం చేసింది,
కొలిమి ముందు నడిచినంత నిదానంగా.

తెల్లారేసరికి ఏ వైపూ పట్టనివి మిగిలాయి.
కొలిమి. అది ఒకసారి చల్లారితే
లోపలి ఇటుక పగుల్తుంది, అగ్గిపుల్ల చాలదు.
ఇద్రీస్. మంట ముందు కూర్చుని
గాజు కొసలు అతికేవాడు, ఎక్కడ అతికాడో
తొడుక్కున్న చెయ్యికి కూడా తెలియనిచ్చేవాడు కాదు.
ఇప్పుడు ఆగ్రాలో ఈ-రిక్షా తోలుతున్నాడు.
అతన్ని ఏ వరసలో వెయ్యాలని తోమర్‌ని అడిగాను.
"రుజువుందా?" అన్నాడు.

వాయిదా పద్నాలుగో తారీఖు, ఢిల్లీలో.
ఇక్కడిదీ పద్నాలుగే.
బేగం రైలెక్కుతుంది, నేను ఇక్కడ పిలుపు కోసం నిలబడతాను.
కట్టలు విడదీస్తుంటే
బిల్లుల మధ్య నించి ఒక గాజు జారింది,
ఇద్రీస్ అతక్కుండా వదిలేసింది, కొసలు ఎడంగా.
ఏ ఫైల్లో పెట్టాలో తోచక
చొక్కా జేబులో వేసుకున్నాను.