ఖాళీ సీటు బెల్టు

పొద్దుగాల్నే ఆ పిల్ల రెక్క కింద కూసుని
గ్లాసుల నీలం పెట్రోలు పట్టి ఎండకు లేపి చూస్తది.
అడుగున నీటిబొట్టు లేదు.
"లేదు" అని గట్టిగనే అంటది, పక్కన ఎవలు లేకున్నా.

హాలియా దాటినంక గుట్టల నడుమ
తారు పోసిన గీత. దాన్నే రన్‌వే అంటరు.
నేను దాని కావలోణ్ని,
కుక్కల్ని ఎల్లగొట్టేటోణ్ని, రెక్కలు తుడిచేటోణ్ని.

చాయ తాగుకుంట సార్లు కొట్లాడుతరు:
రేపటి పెద్ద విమానాలకు పైలట్ ఒక్కడు చాలునట,
మిగతాది మిషనే చూసుకుంటదట.
ఒక సారు బల్ల గుద్దుతడు: ఆ ఒక్కడి గుండె ఆగితే?
ఇంకో సారు నవ్వుతడు: ఇద్దరుండంగ కూలినయి లేవా?
నన్ను ఎవలడుగుతరు.
అడిగితే ట్రాన్స్‌ఫార్మర్ ముచ్చట చెప్పేటోణ్ని.

ఆ రాత్రి నేనూ మా తమ్ముడు జానయ్యా.
కరెంటు రెండింటికొచ్చె. మోటరు గుర్రుమని ఆగె.
ఫీజు పోయిందని వాడు గద్దె ఎక్కిండు.
హ్యాండిల్ నేను దించిననని వాడు,
వాడే దించిండని నేను.
ఒక్కడే పోయుంటే
దించి, మళ్ళొకసారి గుంజి చూసి ఎక్కుతుండె.
ఇద్దరం గావట్టి ఎవ్వరం దించలే.
బత్తాయి తోటకు నీళ్ళు మూడోనాడు పారినయి.

ఇక్కడికొచ్చిన కొత్తల
నాకు నచ్చింది ఎగురుడు కాదు, ఒక మాట.
పిడి చేతులు మారేటప్పుడు
"నా చేతిల ఉంది" అంటడొకడు.
"నీ చేతిల ఉంది" అంటడు రెండోవాడు.
"నా చేతిల ఉంది" అని మళ్ళ మొదటివాడు.
ఇంగ్లీషుల్నే అంటరు గని, అర్థం ఇదే.
కోపంల ఉన్నా అంటరు, అలిగి ఉన్నా అంటరు.
పైసా ఖర్చులేని ఆ మూడు మాటలు
మా గద్దె కాడ ఎవలు నేర్పలే.

ఇయ్యాల నేనావత్ శిరీష మొదటిసారి ఒక్కతే పోతది.
సారు దిగి నన్ను పిలిచిండు.
ఖాళీ సీటు బెల్టు కట్టాలె.
వదులుగ వదిలితే పైన ఊగి పిడికి చుట్టుకుంటదట.
లేని మనిషి నడుముకు బెల్టు బిగించిన,
భుజం పట్టీలు గుంజిన.
లేనోడు శానా బక్కగ ఉంటడు.
ఇంకా గుంజాల్సొచ్చింది.

"పక్క బెల్టు?" ముందుకే చూసుకుంట అడిగింది.
నన్నే అడిగిందో, కాయితం చూసి చదివిందో.
"కట్టిన."
"కట్టింది" అన్నది తనూ.
తలుపేసిన.

ఒక మనిషి బరువు తక్కువ గదా,
రోజూ లేచే సున్నం రాయి కాడికి రాకముందే
నేల ఇడిసింది.
పైన ఈగంత. తెల్లగ.
ఇప్పుడు తానే అడుగుతుండొచ్చు, తానే చెబుతుండొచ్చు.
ఒక్కతేనా, ఇద్దరా,
కిందనుంచి ఎట్ల లెక్కపెట్టాలె.

కుక్క రన్‌వే మీదికొచ్చింది. అదిలించిన.
తిరిగి చూస్తే సారు
చేతులు ఎనకకు కట్టుకుని, మెడ పైకెత్తి,
లేని పెడల్‌ని
ఎడమ కాలితో మెల్లగ తొక్కుతున్నడు.