కార్డులో లేని గోడ

తుఫాను పోయిన పదకొండో రోజున
టేపూ తూకంగుండూ పట్టుకుని వెళ్ళాను.
కళింగపట్నానికి ఇవతల, వంశధార ఉప్పెక్కే చోట
జీడితోటలన్నీ ఒకే దిక్కుకి పడుకుని ఉన్నాయి.
వాటి మధ్య చర్చి,
గంటల గోపురం నడుం దగ్గర తెగి.

అంచనా రాయమన్నారు. అంచనాకి ప్లాను కావాలి.
బీరువాలో, తడిసిన పాటల పుస్తకాల వెనక
చెదలు సగం తిన్న పోస్టుకార్డు దొరికింది.
స్పెయిన్ దేశంలో సెవిల్ అనే ఊరి పెద్ద చర్చి.
"ఇదేనమ్మా పేను," అంది నూకరత్నం.

ఎనభై ఆరేళ్ళు ఆమెకి.
పదమూడో ఏట సున్నం తట్ట మోసిన తల.
నడినెత్తిన ఇంకా చిన్న పల్లం.
నా చెయ్యి లాక్కుని తడిమించింది.

"మేటరీ బాబు తెచ్చేడు. వోళ్ళ దేశం గుడంట.
కూర్మయ్య మేస్త్రి దాన్ని తలపాగాలో ఎట్టుకుని
నెల్లాళ్ళు ఇసకలో గీతలు గీసేడు."
ఎమెటేరియో అనే పేరు
ఈ ఊరి నోట అంతే మిగిలింది.

గానుగ ఆగిన సాయంత్రాలు ఆయన చెప్పేవాడట:
అక్కడ ముందు మసీదు ఉండేది.
రాజులు మారారు. మసీదు పోయి
నమాజుకు పిలిచే ఇటుక గోపురం మిగిలింది.
దాని నెత్తినే గంటలు కట్టారు.
చర్చికి నూరేళ్ళు పైన పట్టింది,
పునాది తవ్వినవాడి మునిమనవడు కప్పు చూశాడు.
గోపురం లోపల మెట్లుండవు,
గుర్రం మీద ఎక్కిపోయేలా వాలు.

కూర్మయ్య అంతా విని,
"మనకి గుర్రం నేదు బాబూ, మెట్లే కడతాను," అన్నాడు.
గోడలకి ఆనిన రాతి రెక్కల్ని వేలితో చూపించి
"ఒడ్డెక్కిన పడవకి ఆన్చే కర్రలు కావూ ఇయ్యి?" అన్నాడు.
తరవాత కార్డు తిప్పి చూశాడు.
వెనక ఏదో పరాయి చేతిరాత, ఒక బిళ్ళ.
"ముందరే ఉన్నాది. గుడి ఎనక ఏటున్నాది?"

ఫాదరు చాలాసేపు ఆలోచించాడట.
చిన్నప్పుడు ఒక్కసారి, పండగ జనంలో, చూశాడు.
వెనక్కి వెళ్ళలేదు.

అందుకని ముందంతా సెవిల్:
కోసు తోరణాలు, గుండ్రటి పువ్వు కిటికీ.
రంగు అద్దాలకు డబ్బుల్లేక
నరసన్నపేట గాజుల మలారం నుంచి
పగిలిన గాజులు బస్తాడు తెచ్చి సున్నంలో గుచ్చారు.
వెనకంతా కూర్మయ్య:
అడుగున మూడు మూరల మందం,
పైకి పోయేకొద్దీ లోపలికి వంగిన గోడ,
గాలికి వీపు చూపించి కూచున్న తాబేలు.

తూకంగుండు వేలాడదీశాను.
ముందు గోడ నాలుగంగుళాలు వాలింది.
వెనక గోడ మీద
వెంట్రుకంత చీలిక వెతకడానికి ఒక పూట పట్టింది.

పెచ్చు ఊడినచోట ఇటుక కనిపించింది.
మూరెడు ఇటుక, ఇప్పటి ఆవాల్లో కాలేది కాదు.
ఏటిగట్టు దిబ్బలోంచి బళ్ళ మీద తోలారట.
ఏ కాలపు గోడో, ఎవరు మొక్కిన చోటో.
ఒక ఇటుక మీద కుక్క అడుగు.
ఆరబెట్టిన తడిమట్టి మీంచి
ఎవరో అదిలిస్తుంటే పరిగెత్తిన అడుగు.
నా మూడు వేళ్ళు అందులో సరిపోయాయి.

ఫారంలో "మూల నమూనా" అని ఒక గడి ఉంది.
ఖాళీగా వదిలేశాను.

"ఆలిచిప్పలు కాల్చి, కరక్కాయ నానేసి,
బెల్లం నీళ్ళు పోసి రుబ్బీవోళ్ళం," అంటోంది నూకరత్నం.
"కరువు రోజులు. పిల్లలం గోడ నాకీసేవోళ్ళం.
బాబు సూసి కూడా ఏటీ అనీవోడు కాదు,
అటు తిరిగి నించునీవోడు."

టేపు చుట్టేశాను. అటూ ఇటూ చూసి
వంగి, గోడకి నాలుక ఆనించాను.
ఉప్పు.

"ఇంకాస్త కిందకమ్మా," అంది వెనకనుంచి,
"మా ఎత్తులో."